హెడరు ఫైలుకి తోవ చెప్పడం ఎలాగ?

సావనీరుకి ఏదైనా సైన్సు వ్యాసం రాయమని మన యూనియన్ సెక్రటరీ నన్ను పట్టుకున్నప్పుడు, "కృష్ణబిలాల మీద రాయి, అందరూ చదువుతారు" అని సలహా కూడా ఇచ్చేడు. కృష్ణబిలాల గూర్చి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అది మీరూ చదివే ఉంటారు. ఈ ఏడాది నా అంతట నేను నేర్చుకున్న సంగతి ఒక్కటే ఉంది. దానికి అరెకరం మొక్కజొన్న ఫీజుగా కట్టవలసి వచ్చింది. అంచేత దాని గూర్చే రాస్తున్నాను.

విషయం పైకి చాలా చిన్నది. కంప్యూటరుకి తగిలించిన పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము తయారుచేసేటప్పుడు, దానికి కావలసిన హెడరు ఫైళ్ళు ఏ తోవన పోతే దొరుకుతాయో కంపైలరుకి చెప్పాలి. అంతే. క్లాసులో దీన్ని రెండు నిమిషాల్లో దాటేస్తారు. పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. కాని ప్రాజెక్టు చేస్తున్న మూడో సంవత్సరం వాళ్ళని అడిగి చూడండి. రాత్రి పదకొండింటికి హాస్టల్లో వినబడే నిట్టూర్పుల్లో సగం ‘అలాంటి ఫైలు గాని డైరెక్టరీ గాని లేదు’ అనే ఒక్క వాక్యం వల్లనే.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో ఫైళ్ళ పేర్లు, ఆజ్ఞలు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసేను. మిషను మీద కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

మాది కురుపాం దగ్గర ఒక పల్లె. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడక ముందు మేం విజయనగరం జిల్లా వాళ్ళం. వెనక కొండలు, మధ్య గెడ్డలు, ముందు పొలాలు. వరి, మొక్కజొన్న, అరటి, గట్ల మీద జీడి. 2018లో ఒడిశా వైపు నుంచి ఏనుగుల గుంపు ఒకటి మా ప్రాంతానికి దిగింది. అప్పటినుంచి కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల రైతులకి రాత్రి నిద్ర అనేది వంతుల లెక్కన దొరికే వస్తువైపోయింది. ఏనుగు తిన్నది కొంతే ఉంటుంది. తొక్కింది చాలా ఉంటుంది. మనుషులూ పోయేరు. మంచె మీద కూచుని డప్పు కొట్టడం, టపాకాయలు పేల్చడం, టార్చి వెయ్యడం, ఇవే మా ఆయుధాలు. కొన్ని చోట్ల పొలం చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది చట్టరీత్యా నేరం, ఏనుగు కంటె ముందు మనిషే దానిమీద పడొచ్చు. 2023 మేలో మా జిల్లాలోనే భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయేయి. ఆ ఫోటోలు చూసి మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఏనుగుల వల్ల నష్టపోయిన మనిషే సుమా ఆమె కూడా.

అందుకని నా ప్రాజెక్టుకి గంట పెడదామనుకున్నాను. పొలం గట్టున మోకాలెత్తులో నైలాను దారం. దాని చివర ఒక చెక్క పుల్ల. ఆ పుల్ల రెండు ఇత్తడి రేకుల మధ్య ఉంటుంది. ఏనుగు దారాన్ని తన్నితే పుల్ల ఊడుతుంది, రేకులు రెండూ కలుస్తాయి. ఆ సంగతి వైరు మీదుగా మోటారు షెడ్డులో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే అరచెయ్యంత కంప్యూటరుకి చేరుతుంది. ఆ వైరులో ఉండేది 3.3 వోల్టులు. చీమకి కూడా ప్రమాదం లేదు. కంప్యూటరు బ్యాటరీ మీద నడిచే సైరన్ని మోగిస్తుంది. మేం లేచి డప్పులు పట్టుకుంటాం.

మా సారు ప్రాజెక్టు ఒప్పుకున్నారు గాని, "దీనికి కంప్యూటరు ఎందుకయ్యా, వంద రూపాయల మైక్రోకంట్రోలరు చాలదూ? లినక్స్ కావాలన్నా మీటల కోసం తయారుగా డ్రైవర్ ఉంది కదా" అన్నారు. ఆయన మాట నిజమే. కాని నాకు డ్రైవర్ రాయడం నేర్చుకోవాలని ఉంది. పొలం సాకు దొరికింది.

డ్రైవర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మనం రాసే మామూలు ప్రోగ్రాములు పరికరాలను నేరుగా ముట్టుకోలేవు. వాటికీ పరికరానికీ మధ్య కెర్నెల్ అనే కామందు ఉంటుంది. కెర్నెల్ లోపల ఉండి, ఒక్కొక్క పరికరం భాష తెలిసిన పాలేరే డ్రైవర్. డ్రైవర్ కెర్నెల్లో భాగంగా పనిచేస్తుంది కనక అది తప్పు చేస్తే ఒక్క ప్రోగ్రాము కాదు, మొత్తం మిషనే పడిపోవచ్చు. ఇది గుర్తుంచుకోండి.

ఇక హెడరు. సి భాషలో ‘హాష్ ఇన్‌క్లూడ్’ అని రాసి ఒక ఫైలు పేరు ఇస్తాం. దాని అర్థంలో మాయ ఏమీ లేదు: ఆ ఫైల్లో ఉన్న అక్షరాలన్నీ తెచ్చి ఇక్కడ అతికించు అని. డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సి భాషను తయారుచేస్తున్న రోజుల్లో, 1972–73 ప్రాంతంలో, ఈ సదుపాయం వచ్చింది. బి.సి.పి.ఎల్., పి.ఎల్.–1 అనే పాత భాషల్లో ఇలాంటిది ఉండడం చూసి పెట్టేరు. అతికించే ఆ ఫైల్లో సాధారణంగా పనిచేసే ప్రోగ్రాము ఉండదు. ఒప్పందాలు ఉంటాయి. ఫలానా పని చేసే ఫంక్షనుకి ఫలానా వివరాలు ఇవ్వాలి. ఫలానా పట్టీలో మొదటి గడి ఇది, రెండో గడి ఇది, అని. కౌలుకాగితం లాంటిదన్నమాట. డ్రైవర్ దగ్గరొక ప్రతి, మామూలు ప్రోగ్రాము దగ్గరొక ప్రతి ఉంటుంది. రెండు ప్రతుల్లోనూ ఒకటే రాసి ఉండాలి.

మరి ఆ కాగితం ఎక్కడుంది? కంపైలరు మొత్తం డిస్కు వెతకదు. దానికి చెప్పిన తోవల్లోనే, చెప్పిన వరసలోనే వెతుకుతుంది. ఇక్కడే రెండు రకాల రాత ఉంది. ఫైలు పేరుని కోట్‌మార్కుల మధ్య రాస్తే, ముందుగా ఆ ఇన్‌క్లూడ్ మాట ఏ ఫైల్లో ఉందో ఆ ఫైలున్న ఫోల్డర్లో చూస్తుంది. అక్కడ లేకపోతే ‘మైనస్ ఐ’ అని మనం ఇచ్చిన ఫోల్డర్లలో, మనం ఇచ్చిన వరసలో చూస్తుంది. చివరికి సిస్టమ్ ఫోల్డర్లలో. కోణపు బ్రాకెట్ల మధ్య రాస్తే సొంత ఫోల్డర్ చూడదు, నేరుగా ‘మైనస్ ఐ’ జాబితాకి పోతుంది. మా ఇంట్లో పారకి, కావిడికి ఇదే పద్ధతి. పార కావాలంటే ముందు మన సావిట్లో చూస్తాం, తరవాత చిన్నాన్న ఇంట్లో, తరవాత మావ ఇంట్లో అడుగుతాం. కావిడి అయితే మనింట్లో లేదని తెలుసు కనక నేరుగా చిన్నాన్న ఇంటికే.

వరస అన్నానే, అందులోనే ఉంది అసలు చిక్కు. మా ఊళ్ళో సింహాచలాలు తక్కువలో తక్కువ ఏడుగురు ఉంటారు. ఇంటిపేరు రాయకుండా ‘సింహాచలం’ అని ఉత్తరం వస్తే, కొత్త పోస్టుమేను వీధి మొదట్లో ఎవరు సింహాచలం కనిపిస్తే వాడి చేతిలో పెట్టి పోతాడు. మిగతా ఆరుగురు ఉన్నారా అని అడగడు. కంపైలరు కూడా అంతే. మొదట దొరికిన ఫైలు తీసుకుంటుంది, అక్కడితో వెతకడం మానేస్తుంది. అదే పేరుతో ఇంకో ఫైలు ముందుందని మీకు చెప్పదు. తప్పు అనదు. హెచ్చరిక కూడా ఇవ్వదు.

కెర్నెల్ డ్రైవర్ల దగ్గర దీనికి ఇంకొన్ని ముళ్ళు తోడవుతాయి. మొదటి సంవత్సరంలో మనందరం రాసిన ప్రోగ్రాముల్లో ‘ఎస్.టి.డి.ఐ.ఓ.హెచ్’ ఉంటుంది. డ్రైవర్లో అది పనికిరాదు. ఆ హెడరు మామూలు ప్రోగ్రాముల లోకానికి చెందినది, కెర్నెల్ లోకం వేరు. పొరపాటున కూడా అటు పోకుండా, కెర్నెల్ని కట్టే పద్ధతిలోనే ‘నో స్టాండర్డ్ ఇన్‌క్లూడ్’ అనే ఆజ్ఞ ఇచ్చి, మామూలు సిస్టమ్ ఫోల్డర్ల తోవ మూసేస్తారు. దాని బదులు ‘లినక్స్/మాడ్యూల్.హెచ్’, ‘లినక్స్/ఇంటరప్ట్.హెచ్’ వంటివి కెర్నెల్ సొంత హెడర్లలోంచి తీసుకోవాలి. రెండు లోకాలకీ ఉమ్మడిగా కావలసిన ఒప్పందాలు ‘యు.ఎ.పి.ఐ’ అనే ఫోల్డర్లో విడిగా ఉంటాయి. 2012లో 3.7 కెర్నెల్ వచ్చినప్పుడు ఈ పంపకం జరిగింది. అన్నదమ్ములు వేరుపడ్డాక కూడా నుయ్యి ఉమ్మడిగా ఉంచుకున్నట్టు.

ఇంకొక ముల్లు వెర్షను. ఇవాళ నడుస్తున్న కెర్నెల్ ఏదో, హెడర్లు సరిగ్గా దానివే కావాలి. 6.6 కెర్నెల్ నడుస్తుంటే 6.1 హెడర్లతో కట్టిన డ్రైవర్ని ఎక్కించబోతే ‘మాడ్యూలు రూపం చెల్లదు’ అని సాధారణంగా తోసేస్తుంది. అది కెర్నెల్ మనకి చేసే ఉపకారం. లోపలి పట్టీల గడులు వెర్షను వెర్షనుకీ మారతాయి. పాత కొలతతో కొత్త పట్టీని చదివితే ఏం జరుగుతుందో ఎవడూ చెప్పలేడు. అందుకే హెడర్ల తోవని చేత్తో రాయకూడదు. ‘/లిబ్/మాడ్యూల్స్/’ తరవాత ‘యు నేమ్ మైనస్ ఆర్’ అనే ఆజ్ఞ ఇచ్చే వెర్షను పేరు, ఆ తరవాత ‘/బిల్డ్’ అని రాస్తే, నడుస్తున్న కెర్నెల్ తాలూకు హెడర్ల దగ్గరికే అది తీసుకుపోతుంది. హెడర్ల ప్యాకేజీ వేసుకోకపోతే ఆ బిల్డ్ అనే గుమ్మం వెనక గది ఉండదు. కెర్నెల్ని అప్‌డేట్ చేసి మిషను మళ్ళీ స్టార్టు చెయ్యకపోతే, నడిచేది పాతది, వచ్చిన హెడర్లు కొత్తవి. నా మొదటి వారం అంతా ఇందులోనే గడిచింది. మిషను ఆపి స్టార్టు చెయ్యమని జూనియరు గుంటడు ఒకడు చెప్పేడు. చెప్పి నవ్వేడు కూడా.

ల్యాప్‌టాపు మీద కట్టి రాస్ప్‌బెర్రీ పై మీద ఎక్కించేవాళ్ళకి ఇంకో సంగతి. ‘ఎ.ఎస్.ఎం’ అనే ఫోల్డరు పేరుతో వచ్చే హెడర్లు ప్రాసెసరుని బట్టి మారతాయి. మన ల్యాప్‌టాపు ప్రాసెసరు జాతి వేరు, ఆ చిన్న కంప్యూటరుది ఆర్మ్ జాతి. ‘ఆర్చ్’ అనే గుర్తుకి ఎదురుగా ‘ఆర్మ్64’ అని చెప్పకపోతే, ల్యాప్‌టాపు జాతి హెడర్ల దగ్గరికి పోతుంది. పేరు ఒకటే, మనిషి వేరు. మళ్ళీ సింహాచలమే.

మన సొంత హెడర్లకి తోవ చెప్పేది డ్రైవరు పక్కనే ఉండే మేక్‌ఫైల్లో. అందులో ‘సి.సి.ఫ్లాగ్స్ మైనస్ వై’ అనే వరస పెట్టి, ‘మైనస్ ఐ, డాలరు బ్రాకెట్లో ఎస్.ఆర్.సి, స్లాష్ ఇన్‌క్లూడ్’ అని రాస్తాం. ఎస్.ఆర్.సి అంటే మన డ్రైవర్ ఉన్న ఫోల్డరు. "ఉత్తినే మైనస్ ఐ ఇన్‌క్లూడ్ అంటే చాలదా?" అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే రాసేను. అది చాలదు. ఎందుకంటే మేక్ అనే ప్రోగ్రాము మన ఫోల్డర్లో నిలబడి పనిచెయ్యదు. కెర్నెల్ ఫోల్డర్లోకి పోయి, అక్కణ్ణించి మన డ్రైవర్ని కడుతుంది. అక్కడ నిలబడి ‘ఇన్‌క్లూడ్’ అంటే కెర్నెల్ తాలూకు ఇన్‌క్లూడ్ ఫోల్డరే అవుతుంది. "మా ఇంటికి ఎడమ పక్క" అని పార్వతీపురంలో నిలబడి చెబితే ఎవరి ఇల్లు తగులుతుంది? నేను వాడిన 6.6 కెర్నెల్లో సంగతి ఇది. తరవాత వచ్చిన వాటిలో ఈ నడక కొంత మారింది గాని, ఎస్.ఆర్.సి పెట్టి రాస్తే ఎక్కడైనా చెల్లుతుంది. ఇంకొకటి కూడా. కెర్నెల్ సొంత తోవలు జాబితాలో మన తోవల కంటె ముందుంటాయి. అంచేత మన హెడరుకి కెర్నెల్లో ఉన్న పేరు పెట్టుకుని కోణపు బ్రాకెట్లలో రాస్తే గెలిచేది కెర్నెలే. ఇంటిపేరు లాంటిది ఏదైనా ముందు తగిలించుకోవాలి.

ఫోల్డరు పేర్లలో ఖాళీలు వదలొద్దు. మేక్ దృష్టిలో ఖాళీ అంటే ఒక పేరు అయిపోయి ఇంకో పేరు మొదలవడం. నా ఫోల్డరుకి ‘ఏనుగు గంట’ అని పేరు పెట్టుకున్నాను. మేక్‌కి అందులో ఏనుగు వేరు, గంట వేరు అయిపోయేయి.

ఇప్పుడు అరెకరం సంగతి.

నా దగ్గర ‘గంట.హెచ్’ అని ఒక హెడరు ఉంది. అందులో రెండు గడుల పట్టీ ఒకటి. ఒక గడిలో సైరన్ ఎంతసేపు మోగాలో ఉంటుంది. ఇంకో గడిలో ‘నమ్మకం సమయం’ ఉంటుంది. అంటే గాలికి రేకులు అదిరి ఒక్క క్షణం తగిలితే నమ్మకుండా, ఎంతసేపు తగిలే ఉంటే నిజమని నమ్మాలో. రెండూ మిల్లీసెకండ్లలోనే, అంటే సెకండులో వెయ్యో వంతుల్లో. సైరనుకి 60,000, అంటే ఒక నిమిషం. నమ్మకానికి 50. మామూలు ప్రోగ్రాము ఈ పట్టీ నింపి డ్రైవర్ చేతికి ఇస్తుంది. డ్రైవర్ దాని ప్రకారం నడుస్తుంది.

ఇదంతా మొదట కాలేజీ ల్యాబులో చేసిన ప్రయోగం. తరవాత పొలం కోసం కొత్త ఫోల్డరు పెట్టి అన్నీ అందులోకి కాపీ చేసుకున్నాను. మేక్‌ఫైలు కూడా కాపీయే. అందులో ల్యాబు ఫోల్డరు తోవ మొదట్నుంచి చివరిదాకా పూర్తిగా రాసి ఉంది. దాన్ని తియ్యకుండా, దాని కింద కొత్త ఫోల్డరు తోవ కూడా చేర్చేను. ఉంటే నష్టమేమిటి అనుకున్నాను. అంటే ఇప్పుడు రెండు గంట.హెచ్‌లు ఉన్నాయి, వీధి మొదట్లో ఉన్నది పాతది. రెండు ఫైళ్ళలో ఉన్నది ఒకటే కనక అంతా బాగానే పనిచేసింది. పొలంలో మూడు రోజులు నాయన చేత, చిన్నాన్న చేత దారం తన్నించి చూసేను. మూడు రోజులూ మోగింది.

నాలుగో రోజు సాయంత్రం నాకు ఒక బుద్ధి పుట్టింది. పట్టీలో నమ్మకం సమయం ముందు, సైరన్ సమయం తరవాత ఉంటే చదవడానికి బాగుంటుంది కదా, పని జరిగే వరస కూడా అదే కదా అని, కొత్త ఫోల్డర్లోని గంట.హెచ్‌లో గడులు రెండూ అటుదిటు చేసేను. మేక్ కొట్టేను. మామూలు ప్రోగ్రాము మళ్ళీ కట్టబడింది. డ్రైవర్ పని మాత్రం కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. ఇవాళ బేగి అయిపోయిందే అని సంతోషించేను కూడా! అది బేగి అవలేదు, అసలు అవనే లేదు. డ్రైవర్ చూస్తున్నది పాత గంట.హెచ్. అది మారలేదు. హెడరు మారనప్పుడు మళ్ళీ కట్టక్కర్లేదని మేక్‌కి తెలుసు. ఆ రాత్రి చీకటి పడిపోయింది, దారం తన్ని చూడలేదు. రెండు గడులు మార్చినదానికి పరీక్ష ఎందుకు అనుకున్నాను.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఐ.ఓ.కంట్రోల్ అనే పద్ధతిలో పట్టీ పంపినప్పుడు ఆజ్ఞ సంఖ్యలోనే పట్టీ సైజు కూడా కలిసి ఉంటుంది. నేను మూడో గడి చేర్చి ఉంటే సైజు మారేది, డ్రైవర్ ఆ ఆజ్ఞని గుర్తించక తిప్పికొట్టేది, ప్రోగ్రాము అక్కడే ఆగి గోల పెట్టేది. నేను గడులు అటుదిటు మాత్రమే చేసేను. సైజు అంతే ఉంది. డ్రైవర్ మర్యాదగా పుచ్చుకుంది.

పుచ్చుకుని ఏం చదివింది? ప్రోగ్రాము మొదటి గడిలో 50, రెండో గడిలో 60,000 వేసింది. డ్రైవర్ లెక్కలో మొదటిది సైరన్ సమయం, రెండోది నమ్మకం సమయం. అంటే దారం ఊడిన నిమిషం తరవాత నమ్ముతుంది, నమ్మేక సెకండులో ఇరవయ్యో వంతు మోగుతుంది.

ఏనుగులు ఆ రాత్రే వచ్చేయి. నేను షెడ్డు పక్కన నులకమంచం మీదే పడుకుని ఉన్నాను. నాకేమీ వినబడలేదు. మొక్కజొన్న కర్రలు విరిగే చప్పుడికి నాయన లేచేడు. అప్పటికి గట్టు వైపు అరెకరం పోయింది. డప్పులు కొడితే నింపాదిగా కొండ వైపు వెళ్ళిపోయేయి. ఎవరికీ ఏమీ అవలేదు, అది మా అదృష్టం. నాయన టార్చి వేసి దారం చూసేడు. ఊడిపోయి ఉంది. "ఏట్రా, తాడు ఊడిపోనాది కదా, నీ గంట మోగనేదేటి?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారేక కెర్నెల్ చిట్టా తీసి చూసేను. రేకులు తగిలిన సమయం ఉంది. దానికి సరిగ్గా అరవై సెకండ్ల తరవాత ‘సైరన్ ఆన్’ ఉంది. దాని వెనకే, అదే సెకండులో, ‘సైరన్ ఆఫ్’ ఉంది. ఆ అరవై చూడగానే సగం అర్థమయింది, గడులు మారిపోయేయని. కాని హెడర్లో సరిగ్గానే ఉన్నాయే! ఆ హెడరు తెరిచి ఎన్నిసార్లు చదివేనో లెక్కలేదు. ఉన్నదంతా కడిగేసి మొదట్నుంచి కట్టేను. అయినా అంతే. తోవ తప్పయినప్పుడు ఎన్నిసార్లు నడిచినా అదే ఊరు చేరతాం.

చివరికి దొరికింది ఒక దాపుడు ఫైల్లో. కెర్నెల్ కట్టే పద్ధతిలో ప్రతి ఫైలునీ కట్టేక, పేరు ముందు చుక్కతో, చివర ‘.సి.ఎం.డి’ అని ఒక ఫైలు వదిలిపెడుతుంది. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు మామూలుగా కనబడవు, ‘ఎల్.ఎస్ మైనస్ ఎ’ కొట్టాలి. కంపైలరుని ఏ ఆజ్ఞతో పిలిచింది, ఏయే హెడర్లను ఏ తోవన తెచ్చుకుంది అన్నీ అందులో రాసి ఉంటాయి. కొన్ని వందల హెడర్ల జాబితా. అందులో గంట.హెచ్ అని వెతికితే ఒక్కటే తగిలింది. దాని ముందు ల్యాబు ఫోల్డరు పేరు ఉంది.

ఈ వెతికే పద్ధతులు మీకు పనికొస్తాయి కనక ఇంకో రెండు చెబుతాను. మేక్ కొట్టేటప్పుడు ‘వి ఈజ్ ఈక్వల్టు ఒకటి’ అని చేర్చితే కంపైలరుకి ఇచ్చే పూర్తి ఆజ్ఞ తెర మీద పడుతుంది. అందులో మైనస్ ఐ తోవలు ఏ వరసలో ఉన్నాయో వేలు పెట్టి చదువుకోవచ్చు. మామూలు ప్రోగ్రాములకి జి.సి.సి దగ్గర ‘మైనస్ వి’ అంటే వెతకబోయే ఫోల్డర్లను వరసగా చెబుతుంది, ‘మైనస్ పెద్ద హెచ్’ అంటే నిజంగా తెరిచిన హెడర్లను ఒకదాని కింద ఒకటి చెబుతుంది. నాకు మూడోరోజు తెలిసిన ఈ రెండూ మొదటిరోజు తెలిసి ఉంటే ఈ వ్యాసం కృష్ణబిలాల మీద ఉండేది.

ఇప్పుడు నా మేక్‌ఫైల్లో ఒక్కటే తోవ ఉంది, అది ఎస్.ఆర్.సితో మొదలయ్యేది. గంట.హెచ్ డిస్కు మొత్తం మీద ఒక్కటే ఉంది. డ్రైవరూ, ప్రోగ్రామూ రెండూ దాని దగ్గరికే వస్తాయి. పట్టీలో మొదటి గడిగా ఒప్పందం నంబరు చేర్చేను. ఎప్పుడు గడులు కదిపినా నంబరు పెంచాలి. రెండు వైపులా నంబరు కలవకపోతే డ్రైవర్ పుచ్చుకోదు. నమ్మకం సమయం వెయ్యి మిల్లీసెకండ్లు దాటినా పుచ్చుకోదు. ఈ ఆఖరుది మా సారు చెప్పింది. "తోవ సరిచేసుకున్నావు సరే, వచ్చినవాడు ఎవడో గుమ్మం దగ్గర అడగవద్దూ?" అన్నారు.

విండోస్ మీద పనిచేసే మిత్రులు ఇదంతా లినక్స్ గొడవ అనుకోవద్దు. అక్కడా ఇవే సింహాచలాలు. విండోస్ డ్రైవర్ కిట్ వేసుకుంటే ‘విండోస్ కిట్స్’ ఫోల్డర్లో ఇన్‌క్లూడ్, దానిలో వెర్షను నంబరు, దానిలో ‘కె.ఎం’, ‘యు.ఎం’, ‘షేర్డ్’ అని ఫోల్డర్లు ఉంటాయి. కె.ఎం కెర్నెల్ లోకం, యు.ఎం మామూలు లోకం, షేర్డ్ ఉమ్మడి నుయ్యి. 2010 నాటి 7.1 కిట్ వరకు ‘సోర్సెస్’ అనే ఫైల్లో ‘ఇన్‌క్లూడ్స్’ అని ఒక వరస రాసి, ఫోల్డర్లను సెమీకోలన్లతో విడదీసి ఇచ్చేవారు. 2012లో వచ్చిన 8వ కిట్ నుంచి విజువల్ స్టూడియోలో ప్రాజెక్టు వివరాల్లో ‘అడిషనల్ ఇన్‌క్లూడ్ డైరెక్టరీస్’ అనే గడిలో ఇస్తున్నారు. అక్కడ కూడా మొదట దొరికిందే తీసుకుంటుంది. ఎస్.డి.కె. ఒక నంబరుది, డ్రైవర్ కిట్ ఇంకో నంబరుది వేసుకుంటే ‘ఎన్.టి.డి.డి.కె.హెచ్’ దొరకలేదని గోల. నంబర్లు రెండూ కలిసేలా చూసుకోండి.

తోవలు సొంతంగా రాసుకునేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. హెడర్లు రెండుసార్లు అతుక్కోకుండా మనం పైన ఒక గుర్తు పెడతాం కదా, ‘ఇంతకు ముందే వచ్చి ఉంటే మళ్ళీ వద్దు’ అని. ఒకే గుర్తు ఉన్న రెండు హెడర్లు వేర్వేరు తోవల్లో వచ్చేయనుకోండి, రెండోది ఒక్క అక్షరం కూడా పెదవి విప్పకుండా వెళ్ళిపోతుంది. కాపీ చేసిన హెడరుకి పాత గుర్తు అలాగే వదిలేస్తే జరిగేది ఇదే. నాకు ఇది జరగలేదు. మా రూమ్మేటుకి జరిగింది. వాడికి పొలం లేదు కనక సావనీరుకి వ్యాసం రాయలేదు.

ఫైలు దొరకలేదు అని కంపైలరు అరిచినప్పుడు మనకి కోపం వస్తుంది, ఏదో ఒక ఫోల్డరు తెచ్చి జాబితాలో పడేసి దాని నోరు మూయిస్తాం. ఇప్పుడు నాకు ఆ అరుపంటే గౌరవం. గోల పెట్టకుండా వేరే ఫైలు అందుకున్న రోజునే మొక్కజొన్న పోయింది.

తరవాత గంట మళ్ళీ కట్టేం. ఈసారి ప్రతి మార్పు తరవాత నాయన స్వయంగా వచ్చి దారం తన్ని, సైరన్ విన్నాకే ఇంటికి వెళ్తున్నాడు. నేను మారేను, నా ప్రోగ్రాము మారింది అని ఎంత చెప్పినా వినడు. "నీ కాయితం సంగతి నాకెరికనేదు, మోగిందా నేదా అదే సెప్పు" అంటాడు. పంట కోతదాకా రెండుసార్లు మోగింది. ఒకసారి ఏనుగులకే, గట్టు దాటకుండా మళ్ళించగలిగేం. ఇంకోసారి మా చిన్నాన్న ఆవుకి. మేక్‌ఫైలు, గంట.హెచ్, ఇత్తడి రేకుల బొమ్మ నా దగ్గర ఉన్నాయి. మన కాలేజీలో కొండ వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా కావాలంటే హాస్టలుకి వచ్చి తీసుకువెళ్ళవచ్చు. పెన్‌డ్రైవు మాత్రం మీరే తెచ్చుకోండి.